ఫ్రాంక్స్ రెడ్‌హాట్: ఇంట్లో వింగ్ సాస్ చేసుకునేవాళ్ళు కొనాల్సిన సీసా

ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో బఫెలో వింగ్స్, అంటే వేయించిన కోడి రెక్కలకి కారం సాస్, బటర్ కలిపి పట్టించే వంటకం, చేద్దామనుకునేవాళ్ళు కొనాల్సినవి రెండే: ఫ్రాంక్స్ రెడ్‌హాట్ ఒరిజినల్ హాట్ సాస్ సీసా ఒకటి, ఉప్పు లేని బటర్ పెట్టె ఒకటి. షాపులో ఆ సీసా పక్కనే అదే కంపెనీది ‘బఫెలో వింగ్స్ సాస్’ అని రాసున్న ఇంకో సీసా ఉంటుంది. పేరులోనే వింగ్స్ ఉంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. పాలు, బటర్ పడనివాళ్ళయితే తప్ప దాన్ని అక్కడే వదిలేయండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేనుండేది ఆమ్‌హర్స్ట్‌లో. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరాన్ని ఆనుకునే ఉంటుంది, ఈ వింగ్స్‌కి ఆ పేరు ఆ ఊరిదే. యూనివర్సిటీ ఉండబట్టి ఇక్కడ మనవాళ్ళూ బాగానే ఉన్నారు. నేను పుట్టి పెరిగింది మాత్రం గుంటూరులో. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే స్నానం చేశాకే మమ్మల్ని దగ్గరికి తీసుకునేవాడు. చొక్కాకి పట్టిన మిరప ఘాటు అలాంటిది. కాయ విరిచి వాసన చూసి ఇది తేజ, ఇది 334, ఇది బాడిగ అని చెప్పేసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, మిరపకాయ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఈ సీసా గురించి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

సీసా వెనక చూడండి. ఐదంటే ఐదే ఉన్నాయి: ఊరబెట్టిన కెయెన్ మిరపపండ్లు, డిస్టిల్డ్ వెనిగర్, నీళ్ళు, ఉప్పు, వెల్లుల్లి పొడి. నూనె లేదు, పంచదార లేదు, చిక్కదనం కోసం కలిపే గమ్ లేదు. వీటిలో అసలు సంగతంతా ఆ ఊరబెట్టడంలో ఉంది. మూత తీయగానే వచ్చే వాసన మన కొరివి కారం జాడీ మూత తీసినప్పటి వాసనకి దగ్గర చుట్టం. మనం పండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు కలిపి తొక్కి జాడీకెత్తుతాం. వీళ్ళు పండుమిరపని ఊరబెట్టి, చింతపండు చేసే పని వెనిగర్‌తో చేయిస్తారు. ఊరినకొద్దీ మిరపలోని పచ్చివాసన పోతుంది, పులుపూ కారమూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎండు కారం ఎంత మంచిదైనా ఆ రుచి ఇవ్వదు. గుంటూరు కారమైనా సరే. అది వేరే దినుసు, వేరే పని.

ఇక కారం సంగతి. మనవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మిరప ఘాటుని కొలిచే స్కోవిల్ లెక్కలో ఫ్రాంక్స్ ఒరిజినల్ 450 దగ్గర ఉంటుంది. మన గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది, తేజ అయితే ఇంకా పైన. అందుకే మొదటి చుక్క నాలిక మీద పడగానే మనకి అది కారమే అనిపించదు. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చెంచాతో కాస్త నాకి, "కారం ఏదే ఇందులో? పుల్లగా ఉంది గానీ" అంది. ఆ మాట ముమ్మాటికీ నిజం. ఇది ముందు పులుపు, తర్వాత ఉప్పు, ఆ తర్వాతే కారం. బటర్ కలిపాక రుచి తేలేది ఆ వరస వల్లే. కొవ్వుని కోసుకుంటూ పోవడానికి పులుపు కావాలి. బటర్ కారాన్ని మెత్తబరుస్తుంది, పులుపు బటర్ వెగటుని తీసేస్తుంది. మధ్యలో కారం పొడి రెండు చెంచాలు గుమ్మరిస్తే ఈ రెండూ వినపడవు, గొంతులో మంట మాత్రం మిగులుతుంది. పైగా పొడి పలుకులు సాస్‌లో ఇసకలా తగులుతాయి.

కారం చాలదనుకునేవాళ్ళకి ఒక దారి ఉంది. సాస్ అంతా అయ్యాక, సన్నటి గుడ్డలో జల్లించిన తేజ కారం పావు చెంచా మాత్రం, ఒక చెంచా వేడి బటర్‌లో ముందు కలిపి, ఆ బటర్ సాస్‌లో వేయండి. రంగు చెడదు, పలుకు తగలదు, ఘాటు పెరుగుతుంది. మా ఆయన కోసం ఇలాగే చేస్తాను. మావాడికి పన్నెండేళ్ళు, వాడికి మామూలుదే చాలు.

ఇప్పుడు చేసే పద్ధతి. అర కప్పు ఫ్రాంక్స్‌కి మూడో వంతు కప్పు బటర్. ఇది నా సొంత కొలత కాదు, కంపెనీవాళ్ళు చెప్పేదే. రెండున్నర పౌండ్ల వింగ్స్‌కి, అంటే కిలో పైచిలుక్కి, సరిపోతుంది. అమెరికాలో దొరికే బటర్ స్టిక్ కాగితం మీద టేబుల్‌స్పూన్ గీతలు ఉంటాయి, స్టిక్‌కి ఎనిమిది. ఐదో గీత దాటి రవ్వంత ముందుకి కోస్తే మూడో వంతు కప్పు వచ్చేస్తుంది. తూకంలో 75 గ్రాములు. పిల్లలకీ కారం తినని అతిథులకీ అయితే సాస్, బటర్ సమానంగా వేసేయండి. ఘాటుగా కావాలంటే బటర్ పావు కప్పుకి తగ్గించండి. ఇక్కడి వింగ్స్ కొట్లలో మైల్డ్, మీడియం, హాట్ అంటూ అడిగేవాటిలో చాలావరకు తేడా ఈ పాళ్ళలోనే ఉంటుంది.

చిన్న గిన్నెలో సాస్ పోసి సన్నని సెగ మీద పెడతాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసుకోవాలి. వెనిగర్ వేడెక్కితే దాని ఆవిరి ముక్కుపుటాలకి పట్టి ఇంటిల్లిపాదికీ దగ్గొస్తుంది, గిన్నె మీదికి అస్సలు వంగొద్దు. అంచు వెంబడి చిన్న బుడగలు మొదలవగానే పొయ్యి కట్టేస్తాను. అప్పుడు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బటర్, చల్లటి ముక్కలుగా కోసింది, ఒక్కో ముక్కే వేస్తూ విస్క్‌తో తిప్పుతాను. మొదటి ముక్క కరిగేటప్పుడు పైన పసుపు పచ్చటి గుండ్రాలు తేలతాయి. కంగారు పడొద్దు. తిప్పుతుంటే అవి చిన్నవై, ఇంకా చిన్నవై, కనపడకుండా పోతాయి. రెండో ముక్కకి ఎరుపు విరుగుతుంది. నాలుగోది కలిసేసరికి సాస్ అంతా నారింజ రంగుకి తిరిగి నిగనిగలాడుతుంది. విస్క్ వెళ్ళిన దారి ఒక్క క్షణం కనపడి మూసుకుంటుంది. చెంచా ముంచి తీసి వెనక వైపు వేలితో గీత గీస్తే, గీత గీతలాగే నిలబడాలి. అక్కడితో అయిపోయినట్టే. మొత్తం ఐదు నిమిషాల పని.

బటర్‌ని కరగబెట్టి ఒకేసారి పోసి కలిపినా తినొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కాకపోతే అలా చేసింది పది నిమిషాల్లో విడిపోయి పైన కొవ్వు, కింద ఎర్రటి నీళ్ళు అవుతుంది. చల్లటి ముక్కలతో చేసింది వింగ్స్ తిన్నంతసేపూ కలిసే ఉంటుంది. దీని వెనకున్న కారణం కూడా తెలుసుకోవాల్సిందే. బటర్‌లో దాదాపు 80 శాతం కొవ్వు, 16-18 శాతం నీళ్ళు, మిగతాది పాల గట్టి పదార్థం. ఆ పాల పదార్థంలో ఉండే ప్రోటీన్లు కొవ్వు బొట్ల చుట్టూ పట్టుకుని వాటిని వెనిగర్ నీళ్ళలో తేలుతూ ఉండేలా చూస్తాయి. నిదానంగా కలిపితే బొట్లు చిన్నవిగా ఉంటాయి, పట్టు గట్టిగా ఉంటుంది. తెర్లనిచ్చారో, ఆ పట్టు విడిపోతుంది. అందుకే బటర్ పడ్డాక సాస్‌ని మళ్ళీ మరగబెట్టకూడదు.

మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. "బటర్ ఎందుకు, నెయ్యి వేస్తే ఇంకా కమ్మగా ఉంటుంది కదా?" మొన్న పండక్కి ఇంటికి వచ్చిన మా వదిన కూడా ఇదే అడిగింది. నెయ్యి కమ్మదనంలో సందేహం లేదు. కానీ నెయ్యి కాచేటప్పుడు నీళ్ళన్నీ ఆవిరైపోతాయి, పాల పదార్థం అడుగున గోకుడుగా దిగిపోతుంది, దాన్ని వడగట్టేస్తాం. అంటే సాస్‌ని కలిపి ఉంచేదాన్నే తీసేశామన్నమాట. అందుకని ఎంత గిలక్కొట్టినా నెయ్యి పైన తేలుతుంది, వింగ్ మీద జిడ్డు ఒక పొర, పులుసు ఒక పొర. నెయ్యిని వేడి వేడి పప్పన్నానికి ఉంచుకుందాం.

ఉప్పు గురించి తప్పకుండా చెప్పాలి. నేను ఈ సీసాకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది ఉప్పుకే. లేబుల్ ప్రకారం ఒక టీస్పూన్‌లో 190 మిల్లీగ్రాముల సోడియం. వినడానికి చిన్న అంకె. అర కప్పుకి 24 టీస్పూన్లు, అంటే 4,560 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2,300 దాటకూడదని అమెరికా ప్రభుత్వ ఆహార సూచనల్లో ఉంటుంది. నలుగురు పంచుకున్నా తలా 1,100 పైనే పడుతుంది, గిన్నెకి అంటుకుని మిగిలేది తీసేస్తే కాస్త తగ్గొచ్చు. బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. ఉప్పు లేని బటరే కొనమని మొదటే అన్నది ఇందుకే. వింగ్స్‌కి పట్టించే ఉప్పు కూడా సగానికి సగం తగ్గించేయండి, రుచికి ఏ లోటూ ఉండదు. సాస్‌లో విడిగా ఉప్పు అసలు వేయొద్దు.

ఇక పేరులో వింగ్స్ ఉన్న ఆ రెడీమేడ్ సీసా. లేబుల్ చదివితే విషయం తెలిసిపోతుంది. అందులో కనోలా నూనె, పాప్రికా, చిక్కదనానికి జాంథన్ గమ్, బటర్ లాంటి సహజ రుచి అని ఉంటాయి. బటర్ మాత్రం లేదు. పాలు పడనివాళ్ళకి ఇది నిజంగా మేలు చేసే సంగతి, వాళ్ళకి నేనే ఆ సీసా చూపిస్తాను. వంట అసలు రాని హాస్టల్ పిల్లలకీ పనికొస్తుంది. కానీ బటర్ తినగలిగి, పొయ్యి ఉన్న ఇంట్లో, ఐదు నిమిషాలు ఓపిక ఉన్నవాళ్ళకి దాని అవసరం లేదు. అసలు బటర్ వేసిన సాస్‌లో కారం తగ్గుముఖం పట్టాక నాలిక చివర పాల తీపి ఒకటి మిగులుతుంది. ఆ తీపి కోసమే రెండో వింగ్ మీదికి చెయ్యి వెళ్తుంది. నూనెలో అది దొరకదు.

మిగతా హాట్ సాస్‌లతో కూడా చేసి చూశాను. టబాస్కో గొప్ప సాసే, 1868 నుంచీ ఉంది, ఓక్ పీపాల్లో మూడేళ్ళ దాకా ఊరబెడతారు. స్కోవిల్ లెక్కలో 2,500 నుంచి 5,000, అంటే ఫ్రాంక్స్ కంటే చాలా ఘాటు. కానీ నీళ్ళలా పల్చన. వింగ్‌కి పట్టేంత పోస్తే కారం మితిమీరుతుంది, కారానికి తగ్గట్టు పోస్తే వింగ్‌కి పట్టదు. ఆమ్లెట్ మీద నాలుగు చుక్కలకి దానికి సాటి లేదు, వింగ్స్‌కి మాత్రం కాదు. క్రిస్టల్ అని ఇంకో లూసియానా సాస్ ఉంది, 1923 నాటిది. ఇది ఫ్రాంక్స్‌కి బాగా దగ్గర, పులుపు ఇంకాస్త మెత్తగా ఉంటుంది. ఫ్రాంక్స్ దొరకని రోజున నిస్సందేహంగా అదే తీసుకోండి. శ్రీరాచా తీపి, వెల్లుల్లి ఎక్కువ. దానితో చేసేది మరో వంటకం అవుతుంది, బాగానే ఉంటుంది, కానీ బఫెలో వింగ్ అవ్వదు.

ఫ్రాంక్స్ సాస్ పుట్టింది బఫెలోలో కాదన్న సంగతి ఇక్కడ కూడా కొంతమందికి తెలియదు. లూసియానా రాష్ట్రం న్యూ ఐబీరియాలో 1918లో జేకబ్ ఫ్రాంక్, ఆడమ్ ఎస్టిలెట్ కలిసి మొదలుపెట్టారు, మొదటి సీసా 1920లో వచ్చింది. 2017 నుంచి మెకార్మిక్ కంపెనీ చేతిలో ఉంది. బఫెలోకి దీనితో ముడి పడింది 1964లో. మెయిన్ స్ట్రీట్ మీద యాంకర్ బార్ నడిపే బెల్లిసిమో దంపతుల్లో టెరెస్సా, సూప్‌కి పోయే వింగ్స్‌ని వేయించి, కారం సాస్ కలిపి, సెలెరీ కాడలు, బ్లూ చీజ్ (నీలి బూజుతో మగ్గబెట్టే ఘాటు వాసన చీజ్) పక్కన పెట్టి వడ్డించింది. రాత్రి పొద్దుపోయి ఆకలితో వచ్చిన కొడుకు స్నేహితుల కోసమని ఒక కథ, పొరపాటున వింగ్స్ ఎక్కువ వచ్చిపడ్డాయని ఇంకో కథ, రెండూ ఆ కుటుంబంవాళ్ళు చెప్పినవే. అదే కాలంలో ఇదే ఊళ్ళో జాన్ యంగ్ అనే నల్లజాతి వ్యాపారి వింగ్స్ ఎన్ థింగ్స్ అనే తన కొట్లో వింగ్స్‌ని ముక్కలు చేయకుండా, పిండి పట్టించి వేయించి, మాంబో సాస్ అనే టమాటా సాస్‌తో అమ్మాడు. ఆయన పేరు చాలాకాలం మరుగున పడిపోయింది. వింగ్స్ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆయన్ని కూడా తలుచుకోవడం న్యాయం. 1977లో బఫెలో నగరం జూలై 29ని చికెన్ వింగ్ డేగా ప్రకటించింది. ఆ రోజు ఇక్కడ సందడే వేరు.

సాస్ ఎంత బాగా కుదిరినా కింద వింగ్ మెత్తబడితే లాభం లేదు కాబట్టి వింగ్ గురించి నాలుగు మాటలు. తెచ్చాక కీళ్ళ దగ్గర కోసి, కొస తీసేసి, రెండు ముక్కలు చేయాలి. లావుగా ఉండేది డ్రమ్, రెండెముకలది ఫ్లాట్. పేపర్ టవల్‌తో తడి పూర్తిగా అద్దేయాలి, ఇది ఒక్కటి శ్రద్ధగా చేస్తే సగం పని అయిపోయినట్టే. బఫెలో పద్ధతిలో పిండి పట్టించరు. నూనెలో వేయించేవాళ్ళు 375 ఫారెన్‌హీట్ దగ్గర పది పన్నెండు నిమిషాలు వేయించండి. నేను ఎక్కువగా ఓవెన్‌లోనే చేస్తాను: పౌండుకి ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, కాస్త ఉప్పు పట్టించి, జాలీ మీద పరిచి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం ఆరిపోతుంది. మర్నాడు 425 ఫారెన్‌హీట్‌లో మధ్యలో ఒకసారి తిప్పుతూ 45-50 నిమిషాలు. బేకింగ్ పౌడర్ అన్నాను, బేకింగ్ సోడా కాదు. సోడా వేస్తే చేదొస్తుంది.

సాస్ కలిపేది అందరూ కంచాల ముందు కూర్చున్నాకే. ఊరి నుంచి తెచ్చుకున్న పెద్ద స్టీలు బేసిన్ ఒకటుంది నా దగ్గర. అందులో వింగ్స్ వేసి, పైన సాస్ పోసి, రెండు చేతులా పట్టుకుని ఎగరేస్తాను. గరిటె పెట్టి కలిపితే చర్మం చీలుతుంది. ఎగరేస్తే ఆరేడు సార్లకే ప్రతి ముక్కా నిగనిగలాడుతూ పైకొస్తుంది. ముక్క తీసి కంచంలో పెడితే కింద కాస్త సాస్ దిగాలి, మడుగు కట్టకూడదు. మడుగు కట్టిందంటే సాస్ ఎక్కువైందని. అలా ఎక్కువైన సాస్‌ని పారేయకుండా పక్కన గిన్నెలో పెట్టండి, ముంచుకునేవాళ్ళు ముంచుకుంటారు.

బ్లూ చీజ్ విషయంలో మనవాళ్ళకి ఒక మాట. ఇక్కడివాళ్ళకి వింగ్స్‌తో బ్లూ చీజే, రాంచ్ (మజ్జిగతో చేసే తెల్లటి డ్రెస్సింగ్) అంటే మొహం మాడ్చుకుంటారు. ఆ చీజ్ వాసన మనలో చాలామందికి పడదు. బలవంతం ఏమీ లేదు. గడ్డ పెరుగుని గుడ్డలో వేలాడగట్టి నీళ్ళు పోనిచ్చి, ఉప్పు, నూరిన వెల్లుల్లి, నిమ్మరసం నాలుగు చుక్కలు కలిపి పెడితే మా ఇంటికొచ్చే అమెరికన్ స్నేహితులు కూడా గిన్నె ఖాళీ చేస్తారు. పాల పదార్థాల్లోని కేసీన్ అనే ప్రోటీన్ కారం మంటని తగ్గిస్తుంది, అది బ్లూ చీజ్‌లోనూ ఉంది, పెరుగులోనూ ఉంది. సెలెరీ మాత్రం మానేయొద్దు. రెండు వింగ్స్ తిన్నాక చల్లటి సెలెరీ కొరికితే నోరు కడిగినట్టు అవుతుంది. అది దొరక్కపోతే కీరా కూడా ఆ పని చేసిపెడుతుంది.

అమ్మ శనివారం నీచు ముట్టదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ శనివారాలు ఈ సాస్‌ని కాలీఫ్లవర్‌తో చేశాను. పువ్వులు విడదీసి, బియ్యప్పిండి, కాస్త మైదా పల్చగా కలిపిన జారులో ముంచి వేయించి, ఇదే సాస్‌లో ఎగరేయడం. వింగ్స్‌కి పెట్టే పాళ్ళకంటే బటర్ ఒక టేబుల్‌స్పూన్ తగ్గించాను, ఎందుకంటే కాలీఫ్లవర్ చప్పటిది, దానికి పులుపు ఎక్కువ కావాలి. పుల్లగా ఉందన్న అమ్మే పెరుగన్నంలోకి నంజుకోవడానికి మళ్ళీ అడిగి పెట్టించుకుంది. ఊరెళ్ళేటప్పుడు సామాన్లలో రెండు సీసాలు చుట్టబెట్టుకెళ్ళింది కూడా.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు, సీసా దొరక్కపోతే నిరాశ పడక్కర్లేదు. కూకట్‌పల్లిలో ఉన్న మా చిన్నాన్న కూతురు నేను చెప్పినట్టు చేసి ఫోటో పంపింది, రంగు అచ్చంగా కుదిరింది. జనవరి నుంచి మార్చి దాకా మార్కెట్లో పండుమిరపకాయలు వస్తాయి. కారం తక్కువుండే లావు రకం ఎంచుకోండి. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, తొడిమలు తీసి కచ్చాపచ్చాగా తొక్కండి. బరువులో మూడు శాతం ఉప్పు, అంటే కిలోకి 30 గ్రాములు. గాజు సీసాలో అదిమి పెట్టి, మూత వదులుగా ఉంచి, రోజూ పొడి చెంచాతో కిందికి నొక్కుతూ వారం పది రోజులు ఉంచండి. చిన్న బుడగలు వచ్చి పుల్లటి వాసన వేస్తే సరిగ్గా ఊరుతున్నట్టే. బూజు కనపడితే మాత్రం దయాదాక్షిణ్యం లేకుండా మొత్తం పారేయండి. ఊరాక సమానంగా తెల్ల వెనిగర్ పోసి మెత్తగా గ్రైండ్ చేసి, వడగట్టి, వెల్లుల్లి పొడి కలిపి ఫ్రిజ్‌లో దాచుకోండి. ఫ్రాంక్స్ కంటే ఇది ఘాటుగానే వస్తుంది, కాబట్టి బటర్ సమానంగా వేయాలి. అక్కడ ఎక్కువగా దొరికే అమూల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది, దానికి తగ్గట్టు వింగ్స్‌కి ఉప్పు మానేయండి. వెనిగర్‌కి బదులు నిమ్మరసం పోస్తామంటే నేను ఒప్పుకోను. నిమ్మరసాన్ని పొయ్యి మీద వేడి చేస్తే రుచి మారిపోతుంది, ఈ సాస్ మొత్తం వేడి మీద అయ్యే పని.

మిగిలిన సాస్ గాజు గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. గడ్డకట్టి పైన నారింజ రంగు కొవ్వు తేలి కనపడుతుంది, చెడిపోయినట్టు కాదు. చెంచాడు నీళ్ళు పోసి, సన్నని సెగ మీద తిప్పుతూ వెచ్చబెడితే మళ్ళీ కలుస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, విరిగిపోతుంది. ఉడకబెట్టిన గుడ్లని సగానికి కోసి ఈ సాస్ ఒక చెంచా పోసుకుని తినడం మావాడికి ఇష్టం, మీరూ చేసి చూడండి.

మొదటిసారి కొనేవాళ్ళు 12 ఔన్సుల సీసా తీసుకోండి, మూడు విడతల సాస్‌కి వస్తుంది. మూత తీశాక బయట ఉంచినా పాడవ్వదు, ఫ్రిజ్‌లో పెడితే రంగు, రుచి ఎక్కువ కాలం నిలుస్తాయి. గ్యాలన్ డబ్బా కూడా అమ్ముతారు. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు బిల్స్ మ్యాచ్ ఉన్న ప్రతి ఆదివారం ఇంటికి పదిమంది వచ్చే ఇల్లయితే తప్ప అది వద్దు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ వారం షాపుకి వెళ్ళేవాళ్ళు మాత్రం రెండు రోజులు ముందుగా వెళ్ళండి. ఆ ఒక్క ఆదివారానికి 2024లో అమెరికా మొత్తం 145 కోట్ల వింగ్స్ తింటుందని కోళ్ళ పరిశ్రమ సంఘం అంచనా వేసింది. ఇక ఆమ్‌హర్స్ట్‌లో శనివారం మధ్యాహ్నానికి వింగ్స్ ట్రేలూ ఉండవు, ఈ సీసాలూ ఉండవు.